సీతాకోకచిలుకకు పుట్టిల్లు మన పెరడే!

"అమ్మమ్మా, దాన్ని చంపకు! అది నా మోనార్క్!"

ఎండుపుల్లతో ఆకు మీది పురుగును కిందికి రాల్చబోతున్నదాన్ని ఠక్కున ఆగిపోయాను. న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంటి పెరడది. 2022 జూలై నెల. పురుగు చూస్తే నలుపు, పసుపు, తెలుపు చారలతో చిటికెన వేలంత ఉంది. ఆకును అంచు నుంచి కరకరా కొరికేస్తోంది. దాని ముందు గొంతుక్కూర్చుని ఏడేళ్ల మా మనవరాలు కాపలా!

మన ఇళ్లలో కరివేపాకు మొక్కకి పురుగు కనిపిస్తే ఏం చేస్తాం? పొయ్యిలో బూడిదో, వేపనూనె నీళ్లో చల్లేస్తాం. నేనూ నలభై ఏళ్లుగా అదే చేశాను. పూలమొక్కలు పెంచితే సీతాకోకచిలుకలు వస్తాయని తెలుసు గానీ, అవి ఎక్కడ పుడతాయో, ఏం తిని పెరుగుతాయో ఎన్నడూ ఆలోచించలేదు. ఆ ఆలోచన నేర్పింది మా మనవరాలే. రెండు వేసవులు దానితో కలిసి ఈ పురుగుల్ని పెంచాను. బోలెడు పొరపాట్లూ చేశాను. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మలకీ, అమ్మమ్మలకీ పనికొస్తుందని రాస్తున్నాను. మన ఊళ్లోనే ఉండేవారికీ చివర్లో ఒక మాట ఉంది.

ఆకు లేనిదే పురుగు లేదు

మోనార్క్ అంటే మహారాజు. నారింజరంగు రెక్కలు, నల్లటి ఈనెలు, నల్లంచు మీద తెల్లటి చుక్కలు. రెక్కలు విప్పితే బెత్తెడుంటుంది. పెద్దయ్యాక ఏ పువ్వులో తేనె అయినా తాగుతుంది గానీ, పురుగుగా ఉన్నన్నాళ్లూ తినేది ఒకే జాతి మొక్క ఆకు. దాని పేరు మిల్క్‌వీడ్. తుంచితే పాలు కారుతాయి. మన జిల్లేడు కుటుంబంలోదే! ఆ పాలల్లో చేదైన విషపదార్థం ఉంటుంది. పురుగు దాన్ని ఒంట్లో దాచుకుంటుంది. అంచేత పిట్ట ఒకసారి ముక్కున కరిచి కక్కుకుందంటే మళ్లీ ఆ రంగు జోలికి రాదన్నమాట.

ఇది తెలియక మా అల్లుడుగారు ముందటేడు పెరటి కంచె పొడుగునా మొలిచిన మిల్క్‌వీడ్‌ను కలుపు అనుకుని గడ్డి కోసే మిషన్‌తో శుభ్రంగా కోసి పారేశారట. "పూలమొక్కలు ఉన్నాయిగా అత్తయ్యగారూ, ఇదెందుకూ?" అన్నారు. అసలు కిటుకు అక్కడే ఉంది. పూలుంటే చిలుక వచ్చి తాగి వెళ్లిపోతుంది. మిల్క్‌వీడ్ ఉంటేనే గుడ్డు పెడుతుంది. పూలతోట దానికి హోటల్ అయితే ఈ మొక్క పుట్టిల్లు.

గసగసంత గుడ్డు

గుడ్డు గసగసాల గింజంత ఉంటుంది, మీగడరంగులో. ఆకు అడుగున ఒక్కొక్కటే అంటించి పోతుంది తల్లి. నాలుగు రోజులకు పిల్లపురుగు వస్తుంది. ముందు తన గుడ్డు పెంకునే తినేస్తుంది! తర్వాత ఆకే ఆకు. రెండు వారాలలోపు ఐదుసార్లు కుబుసం విడుస్తుంది. పుట్టినప్పటి బరువుకి సుమారు 2000 రెట్లు పెరుగుతుంది. మా మనవరాలు కొలబద్ద పెట్టి రోజూ కొలిచేది.

బాగా బలిశాక తిండి మానేసి గోడలెక్కి తిరుగుతుంది. ఓ అనువైన చోటు చూసుకుని, తలకిందులుగా వేలాడుతూ కొక్కెంలా ఒళ్లు వంచుతుంది. ఒక పగలో, ఒక రాత్రో అలా వేలాడి చివరి చర్మం విడిచిందంటే, లోపల లేతాకుపచ్చ ప్యూపా! దాని మీద బంగారు చుక్కలు వరసగా, ఎవరో కంసాలి కూర్చుని పొదిగినట్లుంటాయి. పది నుంచి పధ్నాలుగు రోజులు అలాగే. ఆఖరి రోజున పైపొర గాజులా అయిపోయి, లోపల మడిచిపెట్టిన నారింజ రెక్కలు కనిపిస్తాయి. సాధారణంగా పొద్దుటి పూటే బయటికొస్తుంది. అప్పుడు రెక్కలు తడిపి పిండిన పట్టుగుడ్డలా ముడతలుగా ఉంటాయి. కొన్ని గంటలు వేలాడి వాటిని సాగదీసి ఆరబెట్టుకోవాలి. ఆ సమయంలో ముట్టుకోకూడదు, కదపకూడదు. కింద పడిందా, రెక్క వంకరై ఇక ఎగరలేదు.

వెనక రెక్కల మీద చెరో నల్లచుక్క ఉంటే మగది. చుక్క లేకుండా ఈనెలు లావుగా ఉంటే ఆడది.

ఒక్క రాత్రిలో నాలుగు పోయాయి

మొదటి వేసవిలో నాకు ఉత్సాహం ఎక్కువైంది. బయట వదిలేస్తే సాలీళ్లు, కందిరీగలు, చీమలు తినేసి నూటికి పది కూడా చిలుకలు కావని విన్నాను. "అయితే అన్నిటినీ లోపలికి తెచ్చేద్దాం" అని పదిహేను పురుగుల్ని నెట్ బట్టలబుట్టలో వేసేశాం. వారం తిరగకుండా పెరట్లో ఆకు అయిపోయింది. పురుగుకు ఆకలి ఆగదు కదా! సాయంత్రం వెళ్లి ఒక నర్సరీలో రెండు మిల్క్‌వీడ్ కుండీలు కొనుక్కొచ్చాం. నవనవలాడుతున్నాయి. ఆకులు శుభ్రంగా కడిగి నాలుగు పెద్ద పురుగుల్ని వాటి మీద వదిలాం.

తెల్లారేసరికి నాలుగూ బుట్ట అడుగున సొమ్మసిల్లి పడున్నాయి. నోటి నుంచి పచ్చటి ద్రవం. మధ్యాహ్నానికి చచ్చిపోయాయి. "నువ్వేగా అమ్మమ్మా ఆ ఆకు పెట్టావు?" అని మనవరాలు వెక్కివెక్కి ఏడ్చింది. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

నర్సరీవాళ్లని ఫోన్లో అడిగితే, మొక్కలు తమ దగ్గరికి రాకముందే పురుగుమందు వాడి ఉంటారని తాపీగా చెప్పారు. కొన్ని మందులు వేరు నుంచి మొక్క రసంలోకే చేరిపోతాయి. పైన ఎంత కడిగినా పోవు. మందు కొట్టిన మొక్క మీద ఒక్క చిల్లు ఉండదు, నిగనిగలాడుతుంది. మనం ఏరి కొనేది దాన్నే!

ఆ తర్వాత కనుక్కుంటే ఇంకో సంగతి తెలిసింది. బుట్టలో కిక్కిరిసి పెంచితే రోగాలు ఒకదాని నుంచి ఇంకొకదానికి అంటుకుంటాయి. ఓ.ఇ. అనే సూక్ష్మజీవి ఉంది. జబ్బు చేసిన తల్లి రెక్కల మీంచి పొడిలా గుడ్ల మీద, ఆకుల మీద రాలుతుంది. పురుగు ఆ ఆకు తింటే చివరికి రెక్కలు విప్పలేని చిలుక పుడుతుంది. పైగా ఇంట్లో పెంచిన చిలుకల్లో కొన్ని వలస దిక్కు సరిగా పట్టుకోలేకపోయాయని 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. అందుకే గంపలు గంపలుగా పెంచి వదలడం మేలు కాదంటున్నారు జెర్సీస్ సొసైటీ వంటి కీటక సంరక్షణ సంస్థలవారు. పిల్లలు చూసి నేర్చుకోవడానికి రెండో మూడో చాలు. కాలిఫోర్నియాలో అయితే అనుమతి లేకుండా మోనార్క్‌లను పట్టి పెంచడమే తప్పు.

పెరడు మారింది

మళ్లీ 2024 వేసవిలో వెళ్లేసరికి మా అమ్మాయి పద్ధతి మార్చేసింది. ముందటి శీతాకాలంలో మిల్క్‌వీడ్ గింజల్ని తడికాగితంలో చుట్టి, దోసెలపిండి గిన్నె పక్కన ఫ్రిజ్‌లో నెల్లాళ్లు ఉంచిందట. ఆ చలి తగలందే అవి సరిగా మొలవవు. అల్లుడుగారే కంచె పక్కన ఎండ పడే చోట పాదులు చేసి నాటారు! రోజుకు ఆరు గంటల ఎండైనా కావాలి వీటికి.

వాటి ముందు వరసలో జినియా, కాస్మాస్, బంతి. వాడిన పూలు ఎప్పటికప్పుడు తుంచేస్తే కొత్త మొగ్గలు తొడుగుతూనే ఉంటాయి. వెనక వరసలో ఆస్టర్, గోల్డెన్‌రాడ్. ఇవి సెప్టెంబరులో పూస్తాయి. దూరప్రయాణం పెట్టుకున్న చిలుకలకు దారిబత్తెం ఆ తేనే. ఎండలో ఒళ్లు కాచుకోవడానికి ఓ చదునైన రాయి, మూకుడులో తడి ఇసుక. మందు చుక్క లేదు. మిల్క్‌వీడ్ కాడలకు పసుపురంగు పేనుబంక పడితే, గుడ్లూ పురుగులూ లేవని చూసుకుని నీళ్లు చిమ్మి కడిగేయడమే.

ఆ ఏడు బుట్టలో మూడే పెంచాం. మిగతావి పెరట్లోనే. కొన్ని సాలీళ్ల పాలయ్యాయి. మనవరాలు మొదట ఏడ్చింది, తర్వాత "సాలీడుకీ పిల్లలుంటాయిగా" అంది. ఆకులన్నీ చిల్లులు పడి తోట అందంగా లేదు. కానీ ఆగస్టు ఆఖరుకి ఒకే పొద్దుట జినియాల మీద ఆరు మోనార్క్‌లు వాలాయి!

బంతిపూల వేళకు మెక్సికో

వేసవిలో పుట్టిన మోనార్క్ రెండు నుంచి ఐదు వారాలు బతుకుతుంది. వేసవి చివర్లో పుట్టిన తరం మాత్రం ఎనిమిది నెలల దాకా బతుకుతుంది. ఎందుకంటే అది మెక్సికో వెళ్లాలి. కొన్నయితే 4000 కిలోమీటర్లకు పైగా ఎగురుతాయి. అక్కడ మిచోకాన్ ప్రాంతంలో, 3000 మీటర్ల ఎత్తున్న కొండల మీద ఓయమెల్ అనే చెట్లను గుత్తులు గుత్తులుగా పట్టుకుని శీతాకాలం గడుపుతాయి. మార్చిలో ఉత్తరానికి బయల్దేరి, దారిలో గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. వాటి పిల్లలు, మనవలు ఇంకాస్త పైకి వస్తారు. మళ్లీ శరదృతువులో మెక్సికో చేరేది మునిమనవలే. దారి చూపేవాళ్లు ఎవరూ ఉండరు!

ఆ చోటు ఎక్కడుందో శాస్త్రజ్ఞులకు చాలాకాలం తెలియదు. కెనడాకు చెందిన ఫ్రెడ్ అర్క్‌హార్ట్, ఆయన భార్య నోరా దశాబ్దాల పాటు రెక్కలకు చిన్న చీటీలు అంటించి వెతికారు. వాళ్ల తరఫున కెన్ బ్రగ్గర్, కాటలీనా అగ్వాడో దంపతులు 1975 జనవరిలో ఆ కొండను కనిపెట్టారు. కాటలీనా మిచోకాన్ ఆడబడుచే. అయితే కొండ కింద పల్లెలవాళ్లకు అది ఎప్పుడూ తెలిసిన సంగతే. నవంబరు 1, 2 తేదీల్లో వాళ్లు చనిపోయిన పెద్దల్ని తలుచుకుంటారు, బంతిపూలతో ఇల్లంతా అలంకరిస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చే ఈ చిలుకలు తమ పెద్దల ఆత్మలేనని నమ్మేవాళ్లున్నారు. మనం పెద్దలకు పెట్టుకోవడం, బతుకమ్మకు బంతి పేర్చడం నాకు గుర్తొచ్చాయి.

ఇప్పుడా చిలుకలు తగ్గిపోయాయి. 1996-97 శీతాకాలంలో అవి 18 హెక్టార్ల అడవిని కప్పేస్తే, 2023-24లో కేవలం 0.9 హెక్టారు. మరుసటి ఏడు 1.79కి పెరిగింది. కలుపుమందుల వల్ల పొలాల్లో మిల్క్‌వీడ్ మాయమవడం ఒక ముఖ్య కారణం. మోనార్క్‌ను ముప్పున్న జీవుల జాబితాలో చేర్చాలని అమెరికా ప్రభుత్వ శాఖ 2024 డిసెంబరులో ప్రతిపాదించింది.

సెప్టెంబరు మూడో వారంలో మా ఆఖరి చిలుక బయటికొచ్చింది. ఆడది. మధ్యాహ్నం ఎండెక్కాక మనవరాలు దాన్ని ఆస్టర్ పువ్వు మీద దింపింది. కాసేపు తాగి, ఇంటి కప్పు దాటి వెళ్లిపోయింది. మరో పది రోజులకు నా ప్రయాణం.

మన జిల్లేడు మీదా ఉంది!

మోనార్క్‌కు మన దగ్గర దాయాది ఉంది. ప్లెయిన్ టైగర్ అంటారు. అదే నారింజరంగు, కాస్త చిన్నది. గుడ్లు జిల్లేడు ఆకు మీద పెడుతుంది. చారల పురుగు అచ్చం మోనార్క్ లాగే ఉంటుంది. మోనార్క్ పురుగుకు నల్లటి కొమ్ముల జతలు రెండైతే దీనికి మూడు. కరివేపాకు, నిమ్మ మొక్కల మీద కనిపించేది ఇంకో రకం. చిన్నప్పుడు పిట్టరెట్టలా, పెద్దయ్యాక పచ్చగా ఉంటుంది. కదిపితే తల మీద ఎర్రటి కొమ్ము చాపి వాసన వదులుతుంది. అంతే, కుట్టదు, కరవదు. పెద్ద చెట్టయితే నాలుగు రెమ్మలు దానికి వదిలేసినా మన పోపుకి లోటుండదు.

గుర్తుంచుకోండి

1. ముందు ఆకు చూసుకుని తర్వాత పురుగును తెచ్చుకోండి. ఒక్క పెద్ద పురుగుకే బోలెడు ఆకులు కావాలి.
2. కొనే మొక్కకు మందు వాడారేమో అడగండి. సరైన జవాబు రాకపోతే గింజ వేసి పెంచుకోండి.
3. బుట్టలోని ఆవగింజల్లాంటి పెంటికలను రోజూ ఎత్తేయండి. ఆకు తాజాగా ఉండాలి.
4. పురుగును చేత్తో పట్టి లాగకండి. ఆకుతో సహా మార్చండి.
5. మిల్క్‌వీడ్ పాలైనా, జిల్లేడు పాలైనా కంట్లో పడితే ప్రమాదం. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. పిల్లల్ని ఒంటరిగా వదలకండి.
6. చిలుక బయటికొచ్చిన రోజే, ఎండగా ఉన్నప్పుడు వదిలేయండి. వానగా ఉంటే తెరిపి ఇచ్చేదాకా ఆగండి.

ఇంటికొచ్చాక మా ప్రహరీ పక్కన మొలిచిన జిల్లేడును పనిమనిషి పీకబోతే వద్దన్నాను. "ఎందుకమ్మా ఈ పిచ్చిమొక్క?" అంది. ఆకు తిప్పి చూపించాను. అడుగున చారల పురుగు! ఈసారి వినాయక చవితికి పత్రి కోసేటప్పుడు మీరూ జిల్లేడు ఆకు వెనక్కి తిప్పి చూడండి. గసగసంత గుడ్డు కనిపిస్తే ఆ ఆకు వదిలేసి, పక్క ఆకు కోసుకోండి.