డాక్టరుగారి బల్ల మీది ప్రకటన

సంచికకి ఓ వ్యాసం రాసివ్వమని విద్యార్థి సంఘం కార్యదర్శి మా ఇంటికొచ్చి అడిగితే, "నేనేం రాస్తానోయ్, సంచీ పట్టుకుని మందులమ్ముకున్నవాణ్ణి" అన్నాను. "ఆ సంగతే రాయండి సార్" అన్నాడు. కనక రాస్తున్నాను.

ఈ కాలేజీలో పట్టా పుచ్చుకున్నాక మెడికల్ రిప్రజెంటేటివ్‌గా గుంటూరు కొత్తపేటలో పదకొండేళ్ళు తిరిగాను. రోగుల వరస పక్కన నిలబడి, కాంపౌండరు పిలిస్తే లోపలికెళ్ళి, రంగుల బొమ్మల విజువల్ ఎయిడ్ తిప్పుతూ రెండు నిమిషాల్లో పాఠం ఒప్పజెప్పి, నాలుగు శాంపిల్సూ ఓ పెన్నూ బల్లమీద పెట్టి రావడం మా పని. దాన్ని మా భాషలో డిటైలింగ్ అంటారు.

ఒకనాడు ఓ పెద్ద డాక్టరుగారు నా విజువల్ ఎయిడ్‌లో పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ఆధారం మీద వేలు పెట్టి, "ఏమయ్యా, ఈ పేపరు నువ్వు చదివావా?" అన్నారు. "లేదండీ" అన్నాను. "నేనూ చదవలేదు. మరి నువ్వు చెప్పడమేమిటి, నేను రాయడమేమిటి?" అన్నారు.

తెలిసినవారి ద్వారా మెడికల్ కాలేజీ లైబ్రరీలో ఆ పేపరు సంపాదించి చదివాను. ఇరవైనాలుగు మంది రోగులు, రెండు వారాల పరీక్ష. అంతే! మా పుస్తకంలో మాత్రం దీర్ఘకాలం వాడినా క్షేమమని పెద్దక్షరాల్లో ఉంది. ఆ మాట నేను నాలుగేళ్ళుగా వల్లిస్తున్నాను. పేపరూ నిజమే, అందులో అంకెలూ నిజమే. వాటిని సాగదీసిన తీరే అబద్ధం. ఈ విద్య ఎక్కడ పుట్టిందా అని అప్పట్నుంచి చదవడం మొదలెట్టాను.

సబ్బు కొనేవాడు తానే ఎంచుకుంటాడు, తానే డబ్బిస్తాడు, తానే రుద్దుకుంటాడు. మందు సంగతి అలా కాదు. ఎంచేది డాక్టరు, డబ్బిచ్చేదీ మింగేదీ రోగి. కాబట్టి ప్రకటన ఎంచేవాడి దగ్గరకే వెళ్ళాలి. 19వ శతాబ్దంలో అమెరికాలో సర్వరోగ నివారిణులు పత్రికల్లో జనానికే అమ్ముకునేవారు. సీసాలో ఏముందో రహస్యం. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1847లో రాసుకున్న నీతి నియమావళి రహస్య ఔషధాలను తప్పుపట్టింది. దాంతో కొన్ని కంపెనీలు మందులో ఏముందో చెప్పి, డాక్టర్లకే ప్రకటించుకుని, తమని తాము నీతిగల కంపెనీలని పిలుచుకున్నాయి. డాక్టరుకు చెప్పడం మర్యాద, జనానికి చెప్పడం అమర్యాద అన్న భావం అలా నాటుకుంది.

ఈ పద్ధతికి సొగసులు దిద్దినవారు బరోస్, వెల్కమ్ అనే ఇద్దరు అమెరికన్లు. 1880లో లండన్‌లో కంపెనీ పెట్టి డాక్టర్ల దగ్గరికి మనుషుల్ని, నమూనాల్ని పంపారు. 1884లో తమ బిళ్ళలకు 'టాబ్లాయిడ్' అని పేరు రిజిస్టరు చేశారు. ఇప్పుడు చిన్నసైజు పత్రికలకు వాడే మాట ఆ మందుబిళ్ళ నుంచి వచ్చిందే! 1898లో జర్మనీకి చెందిన బేయర్ కంపెనీ ఒక దగ్గుమందును డాక్టర్లకు పరిచయం చేసింది. దాని పేరు హెరాయిన్. 1913లో దాని తయారీ మానేశారు.

ఇక రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన మహానుభావుడు ఆర్థర్ శాక్లర్. ఆయన స్వయంగా మానసిక వైద్యుడు, ప్రకటనల సంస్థకు యజమాని కూడా. 1950లో ఫైజర్ వారి టెర్రామైసిన్‌నీ, 1963లో వచ్చిన రోష్ వారి వేలియంనీ డాక్టర్ల ఇళ్ళల్లో నానుడి చేశాడు. డాక్టరు డాక్టరు మాటే నమ్ముతాడన్నది ఆయన కనిపెట్టిన రహస్యం. ఆయన సంస్థ చేసిన సిగ్మామైసిన్ ప్రకటనలో ఎందరో డాక్టర్ల విజిటింగ్ కార్డులు అచ్చువేశారు. జాన్ లియర్ అనే విలేఖరి ఆ చిరునామాలకు ఉత్తరాలు రాసి చూస్తే అలాంటి డాక్టర్లే లేరని తేలింది. 1959లో 'సాటర్‌డే రివ్యూ' పత్రికలో ఈ సంగతి బయటపెట్టాడు.

ఇంతలో థాలిడోమైడ్ వచ్చింది. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికొచ్చి, వేలాది పసికందుల్ని వికలాంగుల్ని చేసి, 1961లో వెనక్కి పోయింది. అమెరికాలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే అధికారిణి అనుమతి ఇవ్వకపోయినా, పరీక్ష పేరుతో వెయ్యిమందికి పైగా డాక్టర్లకు నమూనాలు అందాయి. ఆ తర్వాతే 1962లో కెఫావర్-హారిస్ చట్టం వచ్చింది. మందు పనిచేస్తుందని రుజువు చూపాలి, డాక్టర్లకిచ్చే ప్రకటనలో దుష్ఫలితాలూ చెప్పాలి అన్నది దాని సారం.

చట్టం వచ్చాక పచ్చి అబద్ధం కష్టమైంది. సాగదీయడం మాత్రం ఆగలేదు. 1980లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో పోర్టర్, జిక్ అనే ఇద్దరు అయిదు వాక్యాల ఉత్తరం అచ్చువేశారు. ఆసుపత్రిలో ఉండగా నార్కోటిక్ మందులు పుచ్చుకున్న 11,882 మందిలో వ్యసనం పాలైనవారు నలుగురేనని దాని సారాంశం. ఇంటిదగ్గర నెలల తరబడి మింగేవారి సంగతి అందులో లేదు. 1996లో పర్డ్యూ కంపెనీ ఆక్సీకాంటిన్‌ను విడుదల చేసినప్పుడు దాని ప్రతినిధులు డాక్టర్లకు వ్యసనం అరుదేనని నమ్మబలికారు. 2007లో ఆ కంపెనీ ప్రచారంలో తప్పు చేశామని కోర్టులో ఒప్పుకుంది. ఆ ఉత్తరాన్ని 608 చోట్ల ఉదహరించారనీ, అందులో 439 చోట్ల వ్యసనం అరుదనడానికి సాక్ష్యంగా వాడుకున్నారనీ 2017లో లెక్కతేలింది. 1999 నుంచి 2021 వరకు అమెరికాలో నల్లమందు జాతి మందులు, దొంగసరుకుతో సహా, మోతాదు మించి చనిపోయినవారు సుమారు 6,45,000 మంది.

నా విజువల్ ఎయిడ్‌లో ఇరవైనాలుగు మంది, అక్కడ అయిదు వాక్యాలు. కొలతే వేరు, విద్య ఒక్కటే. నా వల్ల ఎవరికేం జరిగిందో నాకు తెలియదు. తెలియకపోవడమే ఇప్పటికీ నా గుండెలో ముల్లు.

మన దేశంలో 1975లో హాథీ కమిటీ బ్రాండు పేర్లు క్రమంగా ఎత్తెయ్యమంది, అది జరగలేదు. 2009లో డాక్టర్లు కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణ ఖర్చులు పుచ్చుకోరాదని మెడికల్ కౌన్సిల్ నిబంధన చేసింది. అలాంటి కానుకల ఖర్చును కంపెనీలు ఆదాయపు పన్నులో తగ్గించుకోవడం కుదరదని 2022లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2024లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నియమావళి ప్రకారం ఏ మందుకైనా దుష్ఫలితాలు లేవని అనరాదు, ఏడాది దాటిన మందును 'కొత్త' అనరాదు. మంచి మాటలే. ఐతే ఆ గదిలో రెండు నిమిషాలు జరిగే సంభాషణ దగ్గర కాపలా కూర్చునేదెవరు?

మీరే కూర్చోవాలి. మీలో కొందరు సంచీ పట్టుకుంటారు, కొందరు చీటీ రాస్తారు, తక్కినవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు ఆ మందు మింగుతారు. ఎవరైనా సరే మూడు ప్రశ్నలు అడగండి: ఎవరి మీద పరీక్షించారు? ఎన్నాళ్ళు చూశారు? ఆ పేపరు నువ్వు చదివావా? ఆ మూడో ప్రశ్న వేసిన పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన అడిగినట్టు నన్ను ఉద్యోగంలో చేరిన మొదటిరోజే ఎవరైనా అడిగి ఉంటే బావుండేది. అందుకే ఇంకా ఉద్యోగంలో చేరని మిమ్మల్ని నేను అడుగుతున్నాను.