‘ఎర్రలు పుస్తకాలు’ అనే భాషలు

ఢిల్లీలో జేఎన్‌యూ, లోదీ ఎస్టేట్‌లోని అలియాన్స్ ఫ్రాన్సేజ్, కన్నాట్ ప్లేస్ దగ్గరి ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్... ఫ్రెంచ్, స్పానిష్ నేర్చుకోవడానికి చోట్లకు కొదవ లేదు. అక్కడికి వెళ్లే తెలుగు విద్యార్థి మొదట్లోనే తడబడే చోటు ఒకటుంది: ఆ భాషల్లో విశేషణానికీ బహువచనం ఉంటుంది.

‘ఎర్ర పుస్తకం’, ‘ఎర్ర పుస్తకాలు’. ఇంగ్లిష్‌లోనూ ‘రెడ్ బుక్’, ‘రెడ్ బుక్స్’. రంగు మాట కదలదు. స్పానిష్‌లో ‘లిబ్రో రోహో’ కాస్తా ‘లిబ్రోస్ రోహోస్’ అవుతుంది. ఇల్లు అక్కడ స్త్రీలింగం కాబట్టి ఎర్ర ఇళ్లు ‘కాసాస్ రోహాస్’. ఇటాలియన్‌లో ఎర్ర పుస్తకాలు ‘లిబ్రి రొస్సి’.

ఫ్రెంచ్‌తో ఇంకో పేచీ. బహువచనంలో చేరే ‘ఎస్’ రాతలో ఉంటుంది, నోట సాధారణంగా పలకదు. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే మాత్రం ‘జ’గా బయటపడుతుంది: గొప్ప మిత్రుడు ‘గ్రాంతమీ’, గొప్ప మిత్రులు ‘గ్రాంజమీ’. చెవిని నమ్మి రాసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఇంగ్లిష్‌కూ ఒకప్పుడు ఇలాంటి ప్రత్యయాలుండేవి. మాటల చివరి అచ్చులు అరిగిపోతూ 15వ శతాబ్దానికల్లా దాదాపు మాయమయ్యాయి. ‘దిస్’, ‘దీజ్’ తేడా మిగిలింది.

నిజానికి ఢిల్లీలో ఉంటున్నవారికి ఇది మరీ కొత్తేం కాదు. హిందీ ‘కాలా ఘోడా’ బహువచనంలో ‘కాలే ఘోడే’ అవుతుంది. స్త్రీలింగమైతే ‘కాలీ’ మారదు, ‘లాల్’ ఎక్కడా మారదు. అంటే హిందీ సగం దారిలో ఆగింది.

తెలుగూ పూర్తిగా బయట లేదు. ‘మంచి పిల్లలు’ అంటాం గానీ, వాక్యం చివరికొస్తే ‘ఈ పిల్లలు మంచివాళ్లు’, ‘ఆ పుస్తకాలు మంచివి’ అనాల్సిందే. మనం వాక్యం చివర చూపే వచనాన్ని స్పానిష్ పేరు పక్కనా అడుగుతుంది.