కాదన్న మాట – ఇద్దరు మిత్రులు



శ్రీముఖలింగ క్షేత్రమునకు వెళ్లినవారు ఆలయమందలి శాసనములను చూచియే యుందురు. ఆ పాత లిపులను స్వయంకృషితో చదువ నేర్చిన బడిపంతులు ఒకరు మన ప్రాంతమున ఉండిరి. ఆయనయే గిడుగు రామమూర్తిగారు. ఆ సమీపముననే, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో జన్మించిరి. విజయనగరము మహారాజావారి పాఠశాలలో ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. వీరిని నేడు తలచుకొనుటకు మనయింటి కారణమొకటి కలదు.

పరీక్ష తప్పిన కుమారుని, ఉద్యోగము రాని కుమార్తెను మనము ఒక్కటే మాటతో ఓదార్చుచుందుము: "పోనీలే, మళ్లీ ప్రయత్నించు." మాట మంచిదే. కాని ఆ బిడ్డను పనికి పురికొల్పినది ఏదో తెలియక ఓదార్చుట నాడి చూడక మందిచ్చుట వంటిది.

శిష్టులు మాట్లాడు తెలుగులోనే పిల్లలు చదువవలెను, వ్రాయవలెను అని మిత్రులిద్దరి పట్టుదల. (ఈ ఉపన్యాసపు భాష చూచినచో పంతులుగారు మమ్ము నిలదీసియుందురు!) మదరాసు విశ్వవిద్యాలయము వారి సంఘములో అధిక సంఖ్యాకులు ఆ కోరికను త్రోసిపుచ్చిరి. సభ్యులైన అప్పారావుగారు 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రము సమర్పించిరి. ఫలము లేకపోయెను. ఒకే తిరస్కారము ఇద్దరికిని తగిలెను.

అప్పారావుగారిది దుర్బల శరీరము, కలమే బలము. 1892లో ప్రదర్శింపబడి మెప్పు పొందిన కన్యాశుల్కమును ఆయన అంతతో విడువలేదు. ఇంచుమించు క్రొత్త నాటకమా అన్నంతగా తిరుగవ్రాసి 1909లో ప్రకటించిరి. లోకము ఔనన్న దానిని తానే కాదనుకొనగలవారిని లోకపు కాదనుట ఎంతవరకు కదల్చును? వారికి కొలబద్ద లోపల ఉండును. చెప్పవలసినది కాగితముపై చెప్పి తన వ్రాతలోనికి మరలిరి. 1915 నవంబరు 30న కన్నుమూసిరి. బిల్హణీయము, కొండుభట్టీయము అసంపూర్ణముగా మిగిలినవి.

రామమూర్తిగారి తీరు వేరు. కొండప్రాంతపు జ్వరమునకు వాడిన క్వినైను వలన వినికిడి మందగించినను, ఎదిరించువారు ఉన్నప్పుడే ఆయనకు ఉత్సాహము. పర్లాకిమిడి నుండి బయలుదేరి సభకు సభ తిరిగిరి. గ్రాంథికమే వ్రాయవలెనన్న పండితుల రచనలలోనే వ్యాకరణ దోషములను ఏరి చూపిరి. 1919లో "తెలుగు" అను పత్రిక పెట్టిరి. అది ఏడాదికే నిలిచెను, ఆయన నిలువలేదు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా ఇల్లు వాకిలి విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరిలో పరమపదించునాటికిని విశ్వవిద్యాలయములు వాడుకభాషను పూర్తిగా అంగీకరింపలేదు.

ఆయనలోనే మరియొక ప్రేరణయు ఉండెను. సవరల భాష నేర్చి వారి పిల్లలకు పుస్తకములు వ్రాసినప్పుడు ప్రభుత్వము పారితోషికమీయబోగా, ఆ సొమ్ముతో సవరలకు బడి నడుపుడనిరి. అచ్చట వాదము లేదు, ప్రతివాది లేడు. పిల్లల అక్కరయే చాలెను. కనుక ఒక మనిషికి ఒకే ముద్ర వేయుటయు తొందరపాటే.

ఇక మన బిడ్డల మాట. లోపలి కొలబద్ద గల పిల్లవానిని చుట్టముల నడుమ కూర్చుండబెట్టి సంజాయిషీ అడుగరాదు. నాలుగు దినములు వాని మానాన వానిని విడువవలెను. పోరాడు స్వభావము గలవానికి ఆ నాలుగు దినముల మౌనమే నరకము. వానితో కూడ కూర్చుండి మార్కుల కాగితము పరిశీలించి, తిరిగి లెక్కింపునకు దరఖాస్తు వ్రాయింపవలెను. తండ్రి ముఖములో సంతోషము చూచుటకే చదివిన పిల్లవాడు మూడవవాడు. వాడు పరీక్షాఫలితము కంటె ముందు మన ముఖము చూచును. ఆ సాయంత్రము వానికి అన్నము వడ్డించుచు మనము ఏ ముఖముతో ఉన్నామో వానికి జ్ఞాపకముండును.