పలక పగిలితే అక్షరం పోతుందా?

మన మార్కాపురం పలక పగిలితే దానిమీది అక్షరం ఏమౌతుంది? దేహం పడిపోతే ఆత్మ గతి కూడా అంతేనా?

క్రీ.పూ. 399లో ఏథెన్సు చెరసాలలో ఇదే ప్రశ్న లేచింది. పట్టణపు దేవతలను ఒప్పుకోలేదనీ, యౌవనస్థులను చెడగొట్టాడనీ 70 ఏండ్ల సోక్రటీసుకు మరణశిక్ష పడింది. స్నేహితుడు క్రీటో పారిపొమ్మన్నాడు. ఇన్నాళ్లూ ఏ చట్టాల నీడలో బ్రదికాడో వాటిని మీరడం అన్యాయమని సోక్రటీసు కదలలేదు.

కడపటి దినాన సిమ్మియాసు, "వీణ విరిగితే నాదం నశించదా?" అన్నట్లు అడిగాడని ప్లేటో 'ఫీడో'లో వ్రాశాడు. నాదం వీణకు లోబడుతుంది. ఆత్మయైతే దేహపు ఆకలిదప్పులను అదుపు చేస్తుంది, గనుక అది నాదం వంటిది కాదని సోక్రటీసు జవాబు. ఆ సాయంత్రమే విషపాత్ర త్రాగాడు.

అయితే గమనించండి. అతనికి మరణమంటే దేహమనే చెరనుండి విడుదల. తరువాత అదే ఏథెన్సులో పౌలు మృతుల పునరుత్థానమును ప్రకటించగా కొందరు అపహాస్యం చేశారు (అపొ. కార్యములు 17:32).

సమాధి ప్రక్కన నిలిచి, "ఆత్మ వెళ్లిపోయింది, ఇక దేహంతో పనేమి?" అంటే అది సోక్రటీసు ఆదరణే గాని పౌలు ఆదరణ కాదు. దేహము చెర కాదు, దేవుని చేతిపని. ఆయన దానిని లేపుతాడు. కాబట్టి మంచం పట్టిన తల్లికి ఈ రాత్రి నీవు చేసే సేవ వ్యర్థము కాదు.