కాంతి ఉచ్చులో చిక్కిన పరమాణువులు.. సెకను తప్పని గడియారాలు

గోడ గడియారం 7.12 చూపిస్తోంది. అబ్బా చేతి వాచీలో 7.09. వంటింట్లో ఓవెన్ మీద 7.15. స్కూలుకు తయారవుతున్న పిల్లాడు "అమ్మీ, ఏది కరెక్ట్?" అని అడుగుతాడు. "ఫోన్ చూడు బేటా" అంటుంది అమ్మ. ప్రతి ఇంట్లో జరిగేదే ఇది. మరి ఆ ఫోన్‌కి టైమ్ ఎవరు చెబుతున్నారు?

ఫోన్‌కి నెట్‌వర్క్ చెబుతుంది. నెట్‌వర్క్‌కి ఎక్కడో ఒక ప్రయోగశాలలోనో, ఉపగ్రహంలోనో ఉన్న పరమాణు గడియారం చెబుతుంది. మన దేశానికి అధికారికంగా టైమ్ లెక్క చూసేది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ. ఇప్పుడు ఈ పరమాణు గడియారాల్లో కొత్త తరం వచ్చింది. ఇందులో పరమాణువుల్ని లేజర్ కాంతితో పట్టి, కాంతితోనే కదలకుండా ఉంచి, మళ్లీ కాంతితోనే టైమ్ లెక్కిస్తారు. వినడానికి కథలా ఉన్నా ఇది నిజంగా పనిచేస్తున్న యంత్రం.

ఏ గడియారమైనా చేసేది ఒకటే

గడియారం అంటే క్రమం తప్పకుండా ఊగే ఒక వస్తువు, ఆ ఊపుల్ని లెక్కపెట్టే ఒక ఏర్పాటు. పాతకాలం గోడ గడియారంలో లోలకం ఊగేది. చేతి వాచీలో చిన్న క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఊపులు ఎంత వేగంగా ఉంటే సెకనుని అంత సన్నగా కోయొచ్చు. మీటర్ల గీతలే ఉన్న టేపుకీ, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలుకీ ఉన్న తేడా ఇదే.

1967లో ప్రపంచ దేశాలు సెకనుకు కొత్త నిర్వచనం రాసుకున్నాయి. సీజియం అనే పరమాణువు నుంచి వచ్చే ఒక తరంగం 919,26,31,770 సార్లు ఊగడానికి పట్టే కాలమే ఒక సెకను. లోలకం వేడికి సాగుతుంది, క్వార్ట్జ్ పాతబడుతుంది. పరమాణువుకు ఆ బెడద లేదు. హైదరాబాద్‌లోని సీజియం పరమాణువూ, టోక్యోలోని సీజియం పరమాణువూ అచ్చంగా ఒకేలా ఉంటాయి.

కొత్త గడియారాల్లో ఎక్కువగా వాడేది స్ట్రాన్షియం. బాణసంచాలో ఎర్రటి వెలుగు ఇచ్చేది ఈ మూలకమే. ఇందులో ఊగేది ఎర్రటి కాంతి తరంగం. సెకనుకు సుమారు 429 లక్షల కోట్ల ఊపులు! సీజియం కంటే 40 వేల రెట్లకు పైగా ఎక్కువ.

పరిగెత్తే పరమాణువును ఆపేదెలా?

సమస్య ఎక్కడంటే, పరమాణువులు ఒకచోట నిలబడవు. మామూలు వేడిలోనే సెకనుకు వందల మీటర్ల వేగంతో దూసుకుపోతుంటాయి. పరిగెత్తే పిల్లాడి ఎత్తు కొలవగలమా? ముందు వాణ్ని పట్టుకుని గోడకు ఆనించి నిలబెట్టాలి కదా.

దీనికి ఇంటర్‌లో మన పిల్లలు చదివే డాప్లర్ సూత్రమే ఆధారం. అంబులెన్స్ మన వైపు వస్తున్నప్పుడు సైరన్ కీచుగా వినిపిస్తుంది, దూరంగా పోతుంటే బొంగురుగా మారుతుంది. కాంతి విషయంలోనూ అంతే. పరమాణువు ఒక నిర్దిష్టమైన రంగు కాంతిని మాత్రమే తీసుకుంటుంది. శాస్త్రవేత్తలు లేజర్‌ను ఆ రంగుకు కొంచెం తక్కువ పౌనఃపున్యంలో పెడతారు. నిలబడి ఉన్న పరమాణువు దాన్ని పెద్దగా పట్టించుకోదు. లేజర్‌కి ఎదురుగా పరిగెత్తే పరమాణువుకు మాత్రం ఆ కాంతి సరిగ్గా సరిపోయినట్టు కనిపిస్తుంది. దాన్ని మింగుతుంది, ఎదురు నుంచి చిన్న దెబ్బ తింటుంది, కాస్త నెమ్మదిస్తుంది. ఇలా వేలసార్లు. ఆరు వైపుల నుంచీ లేజర్లు కొడితే ఎటు పరిగెత్తినా ఎదురుదెబ్బే. నెమ్మదించడమంటే చల్లబడటమే. స్ట్రాన్షియాన్ని ముందు నీలి లేజర్‌తో, తర్వాత ఎర్ర లేజర్‌తో చల్లబరుస్తారు. చివరికి అది పరమ శూన్య ఉష్ణోగ్రత కంటే ఒక డిగ్రీలో లక్షల వంతుల తేడాలో ఉంటుంది. లేజర్‌తో చల్లబరిచే ఈ పద్ధతికే స్టీవెన్ చూ, క్లాడ్ కోహెన్ తనూజీ, విలియం ఫిలిప్స్‌లకు 1997లో నోబెల్ వచ్చింది.

కాంతితో చేసిన గుడ్ల ట్రే

చల్లబడినా పరమాణువులు నెమ్మదిగా కిందికి జారిపోతాయి. అందుకే ఉచ్చు కావాలి. ఒక లేజర్ కిరణాన్ని అద్దం మీద కొట్టి వెనక్కి పంపితే, వెళ్లే తరంగం, వచ్చే తరంగం కలిసి వెలుగు, చీకటి, వెలుగు, చీకటి అంటూ కదలని వరుసలు కడతాయి. పరమాణువులు వెలుగున్న చోటికి లాగబడి అక్కడే కూర్చుంటాయి. కిరాణా కొట్టులో గుడ్ల ట్రే చూశారుగా, ఒక్కో గుంటలో ఒక్కో గుడ్డు. ఇదీ అలాంటిదే. ఒక గుంటకీ పక్క గుంటకీ దూరం మిల్లీమీటర్‌లో సుమారు రెండున్నర వేలవ వంతు మాత్రమే.

ఇక్కడే పెద్ద చిక్కు వచ్చింది. పట్టుకున్న కాంతే పరమాణువు లెక్కను చెడగొడుతుంది. పరమాణువు లోపల రెండు శక్తి మెట్లున్నాయనుకోండి. ఆ మెట్ల మధ్య దూరమే మన గడియారం. ఉచ్చు కాంతి పడగానే ఒక మెట్టు ఎక్కువ కుంగి, మరొకటి తక్కువ కుంగితే దూరం మారిపోతుంది, టైమ్ తప్పుతుంది.

దీనికి దారి చూపింది టోక్యో యూనివర్సిటీకి చెందిన హిదెతోషి కటోరి. ఉచ్చు లేజర్‌కి ఒక ప్రత్యేకమైన తరంగదైర్ఘ్యం ఎంచుకుంటే రెండు మెట్లూ సమానంగా కుంగుతాయని ఆయన 2001లో ప్రతిపాదించారు. తక్కెడలో రెండు పళ్లాల్లోనూ ఒకే బరువు వేస్తే ముల్లు కదలదు కదా! స్ట్రాన్షియానికి ఆ తరంగదైర్ఘ్యం సుమారు 813 నానోమీటర్లు. దీన్నే శాస్త్రవేత్తలు 'మ్యాజిక్' తరంగదైర్ఘ్యం అంటారు. కానీ ఇందులో మాయ లేదు, లెక్కే.

ఇక కొలత. 698 నానోమీటర్ల మరో ఎర్ర లేజర్‌ను ఈ పరమాణువుల మీద వేస్తారు. రంగు సరిగ్గా ఉంటే అవి కింది మెట్టు నుంచి పై మెట్టుకు ఎగురుతాయి, కాస్త తప్పినా ఎగరవు. ఎన్ని ఎగిరాయో చూసి లేజర్‌ను సరిదిద్దుతూ ఉంటారు. అంటే లేజర్ పరీక్ష రాస్తుంది, పరమాణువులు పేపర్ దిద్దుతాయి. వేల మంది పరీక్షకులు ఒకేసారి దిద్దుతుంటే పొరపాటుకు చోటు తక్కువ.

ఎత్తును బట్టి మారే కాలం

ఈ గడియారాల్లో మేలైనవి విశ్వం వయసంత, అంటే సుమారు 1380 కోట్ల ఏళ్లు నడిచినా ఒక సెకను కూడా తప్పవు. ఇంత ఖచ్చితత్వం ఎందుకు అనిపించొచ్చు.

గురుత్వాకర్షణ బలంగా ఉన్నచోట కాలం నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ చెప్పారు. కటోరి బృందం టోక్యో స్కైట్రీ టవర్ కింద ఒక గడియారం, 450 మీటర్ల ఎత్తులో ఇంకొకటి పెట్టింది. పైది రోజుకు సుమారు 4 నానోసెకన్లు ముందు నడిచింది. 2022లో అమెరికాలోని బౌల్డర్‌లో జున్ యే బృందం ఒక మిల్లీమీటర్ ఎత్తు తేడాలోనే ఈ మార్పును పట్టుకుంది. లెక్క వేస్తే, ఒక అంతస్తు పైన 80 ఏళ్లు ఉన్నవారి కాలం కింది అంతస్తు వారికంటే సెకనులో పది లక్షల వంతు కూడా ముందుకు పోదు. కానీ ఆ తేడా నిజం.

అంటే గడియారమే ఎత్తు కొలిచే పనిముట్టు అవుతోంది. నేల ఎక్కడ కుంగుతోంది, అగ్నిపర్వతం ఎక్కడ ఉబ్బుతోంది అన్నవి ముందుముందు టైమ్ చూసి చెప్పొచ్చు. 2030 ప్రాంతంలో సెకను నిర్వచనాన్నే ఇలాంటి కాంతి గడియారాల ఆధారంగా మార్చే ప్రయత్నం జరుగుతోంది.

మన పరిస్థితి ఏంటి?

టైమ్ ఎవరి చేతిలో ఉంటే దారి వారి చేతిలో ఉన్నట్టే. ఉపగ్రహ గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పితే మన లొకేషన్ 300 మీటర్లు తప్పుతుంది. మన నావిక్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహంలో విదేశాల నుంచి తెచ్చిన మూడు పరమాణు గడియారాలూ చెడిపోయాయి. ఆ దెబ్బ తర్వాత 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌విఎస్-01లో మొదటిసారి స్వదేశీ రుబీడియం గడియారం పెట్టారు. ఇది కాంతి ఉచ్చు గడియారం కాదు, పాత తరహాదే. అయినా మనం చేసుకున్నది. పుణెలోని ఐయూకా వంటి సంస్థలు కాంతి గడియారాల మీద పనిచేస్తున్నాయి. 2023లో ఆమోదం పొందిన 6003.65 కోట్ల నేషనల్ క్వాంటమ్ మిషన్‌లో పరమాణు గడియారాలకూ చోటుంది.

ఈ పనికి కేవలం కంప్యూటర్ కోర్సు చదివినవాళ్లు సరిపోరు. ఫిజిక్స్ చదివినవాళ్లు, లేజర్‌ను చేత్తో సరిచేయగలవాళ్లు, వాక్యూమ్ పంపులు తెలిసినవాళ్లు కావాలి. కాబట్టి పిల్లాడో, పాపో "ఏ గడియారం కరెక్ట్?" అని అడిగితే ఫోన్ చూపించి వదిలేయకండి. ఆ ప్రశ్న వెనకాల ఒక చదువు ఉంది, ఒక జీవనోపాధి కూడా ఉంది.