ఒంటరితనం ద్వేషంగా మారే చోటు

ఈమధ్య మగపిల్లల గురించిన చర్చల్లో ‘ఇన్‌సెల్’ అనే మాట తరచుగా వినిపిస్తోంది. ‘ఇన్వాలంటరీ సెలిబేట్’కు అది పొట్టిరూపం, కోరుకున్నా తోడు దొరకనివాడని అర్థం. విచిత్రమేమిటంటే, 1997లో ఈ భావనను ప్రచారంలోకి తెచ్చింది కెనడాలోని ఒక విద్యార్థిని. ఆడామగా తేడా లేకుండా ఒంటరివాళ్ళు తమ బాధ చెప్పుకోవాలన్నది ఆమె ఉద్దేశం. తరువాత కొందరు యువకులు దాన్ని ఆడవాళ్ళ మీద ద్వేషంగా మార్చేశారు. 2018 ఏప్రిల్ 23న టొరంటోలో, ఆ వాదం పేరు చెప్పుకున్న ఒకడు జనం మీదికి వ్యాను తోలాడు. ఆ రోజే పదిమంది చనిపోయారు.

ఇది పరాయివాళ్ళ జబ్బని తోసిపుచ్చలేం. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. ప్రేమను కాదన్నందుకే ఆ కక్ష. ఒకమ్మాయి కన్నుమూసింది. ఇలాంటివాళ్ళను మన పత్రికలు ‘ప్రేమోన్మాది’ అంటాయి. నిజానికి అందులో ఉన్నది, తాను అడిగితే అమ్మాయి ఒప్పుకొని తీరాలన్న అహంకారం.

ఒంటరివాళ్ళందరూ ఇటు జారరు. జారేవాడికి మాత్రం బాధ వినే మనుషులు ముందుగా అక్కడే దొరుకుతారు. మా పాసిర్ రిస్ ఫ్లాట్లలో పిల్లవాడు గది తలుపేసుకుంటే ‘చదువుకుంటున్నాడు’ అని సంతోషిస్తాం. ఊళ్ళో అయితే ఏ మేనమామో ‘ఏరా, అలా ఉన్నావేం?’ అని అడిగేవాడు. ఇక్కడ ఆ పని మనదే. మార్కుల ఊసెత్తకుండా వాడితో పార్కులో ఓ గంట నడవండి. ‘వద్దు’ అనిపించుకోవడం అవమానం కాదని, అక్కడితో ఆగిపోవాలని కొడుకు తండ్రి నోటనే వినాలి.