అమ్మిన తరువాత మారే వస్తువు: గేమ్ కన్సోళ్లు - కొనుగోలుదారుని హక్కులు

వ్యాస సంగ్రహం: గేమ్ కన్సోల్ తయారీదారులు అమ్మకానంతరం సౌకర్యాలను, డిజిటల్ హక్కుల నిబంధనలను మార్చిన సందర్భాల ఆధారంగా ‘కొనుగోలు’ అనే భావనలో వచ్చిన మార్పును ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: గేమ్ కన్సోల్, డిజిటల్ హక్కులు, లైసెన్స్, యాజమాన్యం.

1. ఉపోద్ఘాతం

మన భూవిక్రయ దస్తావేజుల్లో కొన్నవారికి దాన, వినిమయ, విక్రయాది సర్వహక్కులు సంక్రమిస్తాయని రాయడం పరిపాటి. అంటే కొన్నది వాడుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు, తిరిగి అమ్ముకోవచ్చు. అమ్మినవారికి దానిపై ఇక అధికారం ఉండదు. ఇంటర్నెట్‌తో అనుసంధానమైన గేమ్ కన్సోల్ విషయంలో ఈ అర్థం పూర్తిగా నిలవడం లేదు.

2. సౌకర్యం తొలగింపు

2006లో సోనీ విడుదల చేసిన ప్లేస్టేషన్ 3లో ‘అదర్ ఓఎస్’ అనే సౌకర్యం ఉండేది. దాని ద్వారా లినక్స్‌ను స్థాపించి, యంత్రాన్ని సాధారణ కంప్యూటర్‌గా వాడుకోవచ్చు. 2010 ఏప్రిల్ 1న వెలువడిన 3.21 అప్‌డేట్‌తో, భద్రతా కారణాలు చూపి, సంస్థ దానిని తొలగించింది. అప్‌డేట్‌ను స్వీకరిస్తే లినక్స్ పోతుంది. నిరాకరిస్తే ప్లేస్టేషన్ నెట్‌వర్క్, ఆన్‌లైన్ ఆటలు పోతాయి. రెండింటికీ కలిపి మూల్యం చెల్లించినవారు ఏదో ఒకటి వదులుకోక తప్పలేదు. అమెరికాలో వినియోగదారులు వేసిన దావా 2018లో 37.5 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. సౌకర్యం మాత్రం తిరిగి రాలేదు.

3. దాన విక్రయాలపై నియంత్రణ

2013 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ నిబంధనలను ప్రకటించింది. యంత్రం 24 గంటలకొకసారి ఇంటర్నెట్‌తో అనుసంధానం కావాలి. డిస్క్‌పై కొన్న ఆటను మిత్రునికి ఒక్కసారే ఇవ్వవచ్చు. అతడు కనీసం 30 రోజులుగా స్నేహితుల జాబితాలో ఉండాలి. పాత ఆటల పునర్విక్రయానికి ప్రచురణకర్త సమ్మతి అవసరం. తీవ్ర నిరసన రావడంతో జూన్ 19న సంస్థ వీటిని ఉపసంహరించింది. ఆ కన్సోల్ అప్పటికింకా మార్కెట్‌లోకి రాలేదు. కొనకుండా ఉండగల స్వేచ్ఛే వినియోగదారుల బలమైంది. ప్లేస్టేషన్ 3 కొన్నవారికి ఆ అవకాశం లేదు.

4. కొన్న కృతి అదృశ్యం

డిస్క్ కూడా లేనప్పుడు కొనుగోలుదారుని స్థితి మరింత బలహీనమవుతుంది. ప్లేస్టేషన్ వినియోగదారులు కొనుక్కున్న డిస్కవరీ కార్యక్రమాలు వారి లైబ్రరీల నుంచి తొలగిపోతాయని 2023 డిసెంబరులో సోనీ ప్రకటించింది. లైసెన్స్ ఒప్పందాలే అందుకు కారణం. అదే నెలలో కొత్త ఒప్పందం కుదిరి, కనీసం 30 నెలల పాటు అవి కొనసాగుతాయని తెలిపింది. డబ్బు చెల్లించినది వినియోగదారుడే అయినా, అతనికి ప్రమేయం లేని ఒప్పందమే ఆ కృతి ఆయుష్షును నిర్ణయించింది.

5. ముగింపు

ఈ మార్పును చట్టం గుర్తించడం మొదలైంది. 2025 జనవరి 1 నుంచి అమలులో ఉన్న కాలిఫోర్నియా చట్టం ప్రకారం, డిజిటల్ వస్తువును ‘కొనండి’ అంటూ అమ్మేవారు అది లైసెన్స్ మాత్రమేనని స్పష్టంగా తెలపాలి. ఆఫ్‌లైన్‌లో వాడుకొనేందుకు శాశ్వతంగా దించుకోగలిగిన వాటికి మినహాయింపు ఉంది. ఈ చట్టం మాటను సరిదిద్దుతుందే కాని, దాన విక్రయ హక్కులను తిరిగి ఇవ్వదు. అమ్మకం నాటి సౌకర్యాలను తొలగించినప్పుడు పరిహారం, శాశ్వత ప్రతిని దించుకొనే వీలు లభించినప్పుడే ‘కొనుగోలు’ అనే మాట సార్థకమవుతుంది.